రక్తదానం హరామా?

"రక్తం హరామ్ కదా, ఇంకొకరికి ఎలా ఇస్తాం?" గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులలో రక్తదానం మాట ఎత్తితే మన పెద్దలలో కొందరికి వచ్చే సందేహం ఇది.

హరామ్ అయినది రక్తాన్ని ఆహారంగా తీసుకోవటం. ప్రాణాపాయంలో ఉన్నవారికి ఎక్కించటం వేరే మస్‌అలా. తల్లిపాలు మనిషి శరీరంలోనివే అయినా శిశువుకు ధర్మసమ్మతం కదా. అగత్యం ఏర్పడితే రక్తమూ అంతేనని ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాహెబ్ వివరించారు. అమ్ముకోవటం మాత్రం తగదు. మన సుప్రీంకోర్టు 1996 తీర్పుతో 1998 జనవరి 1 నుంచి చట్టం కూడా దానికి ఒప్పుకోదు.

రోజాలో రక్తమిస్తే హనఫీ మస్‌అలా ప్రకారం రోజా భంగం కాదు. అయితే నీరసం వచ్చేటట్లుంటే మక్రూహ్. ఇఫ్తార్ తర్వాత ఇవ్వటమే మేలు.

18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి.

మీలాద్ నాడు ఒక్క శిబిరం పెట్టి ఊరుకుంటే చాలదు. సేకరించిన ఎర్ర కణాలు 42 రోజులకు మించి నిలవవు, ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. కాన్పులో రక్తం పోతున్న తల్లి మీలాద్ దాకా ఆగగలదా? ఖతీబు సాహెబులు జుమా బయానులో ఈ మస్‌అలా విప్పి చెబితే అది వంద గోడపత్రికల పెట్టు. నమాజు అయ్యాక, ఇవ్వదలచిన యువకుల పేర్లు, బ్లడ్ గ్రూపులు మస్జిదులోనే ఒక పుస్తకంలో రాయించవచ్చు.