ఎదుటి పుటయు పరభాషయే

2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము తన పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టినప్పుడు, ఒక పుటయందు తెలుగును, దాని కెదుటి పుటయందు ఆంగ్లమును గల ద్విభాషా పాఠ్యపుస్తకములను ముద్రించి పిల్లల చేతి కిచ్చెను. తెలిసిన భాషనుండి తెలియని భాషకు దారి చూపవలెనను ఆలోచన మెచ్చదగినదే. జమ్మికుంట, పెద్దపల్లి, కరీంనగరు పరిసరములందలి తెలుగు పిల్లలకు అది గొప్ప ఊతయే. కాని జైనూరు మండలమందలి గోండు గూడెములోనో, కెరమెరి కొండలలోని కొలాముల పల్లెలోనో ఆ పుస్తకమునే విప్పి కూర్చున్న చిన్నవాని స్థితి వేఱు. వాని తల్లి యింటిలో పలుకునది గోండీయో, కొలామీయో. వానికి ఆంగ్లపుట యెట్లు పరభాషయో, దాని కెదుటి పుటయు అట్లే పరభాష. ఈ ఒక్క విషయమును గుర్తింపకుండ ఉత్తర తెలంగాణమున ఆంగ్లబోధననుగూర్చి ఎంత చర్చించినను ప్రయోజనము లేదని నా నిశ్చితాభిప్రాయము.

పూర్వపు ఆదిలాబాదు జిల్లా 2016లో ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలుగా విభక్తమైనది. పాలనకు సంబంధించిన హద్దులు మాఱినవి గాని భాషల పొందిక మాఱలేదు. ఉట్నూరు, జైనూరు, నార్నూరు ప్రాంతములందు గోండీ, కొలామీ, పెన్‌గంగ కీవలి బేల, జైనథ్ మండలములందు మరాఠీ, తండాలలో లంబాడీ, నిర్మల్, భైంసా పట్టణములందు ఉర్దూ, కాగజ్‌నగరు చెంత తూర్పు వంగదేశమునుండి కాందిశీకులై వచ్చి స్థిరపడినవారి యిండ్లలో వంగభాష, సింగరేణి గనుల నాశ్రయించి పెరిగిన మంచిర్యాల, బెల్లంపల్లి, రామగుండములలో నానాప్రాంతములనుండి వచ్చిన కార్మికుల నానావిధములైన పలుకుబడులు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగి రాజూరా, కిన్వట్ తాలూకాలు బొంబాయి రాష్ట్రమున చేరిన పిమ్మట సైతము సరిహద్దున కీవల మరాఠీ నిలిచియే యున్నది. 2011 జనగణన ననుసరించి దేశమందంతట గోండీ మాతృభాషగా గలవారు సుమారు 29 లక్షల 84 వేలమంది, కొలామీ గలవారు సుమారు 1 లక్షా 28 వేలమంది. ఇంతమంది పలుకు గోండీకి రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో నేటికిని స్థానము లేదు.

ఇట్టి పిల్లలందఱు ఒకే గదిలో కూర్చున్నప్పుడు ఒకే మూసలో పోసిన బోధనము ఏల పనికిరాదో తెలియవలెనన్న, గత శతాబ్దమున పరభాషాబోధనమునందు వచ్చిన మార్పులను ఒక్కింత స్మరింపవలసియున్నది. మన తాతలు ఆంగ్లమును నేర్చినది సూత్రములను వల్లించి, వాక్యములను ఆ భాషనుండి ఈ భాషకును, ఈ భాషనుండి ఆ భాషకును అనువదించు పద్ధతిని. అది గ్రంథములను సావధానముగ చదువగల విద్వాంసులను తయారుచేసిన మాట నిజమే గాని, ఏండ్ల తరబడి చదివినవాడు సైతము ఎదుటివానితో నాలుగు మాటలు పలుకవలసివచ్చినప్పుడు నోరు మెదపలేకపోయెడివాడు. దానియందలి విముఖతతో పుట్టిన ప్రత్యక్షపద్ధతి తరగతినుండి మాతృభాషను బహిష్కరించినది. పిదప అమెరికాలో ప్రబలిన శ్రవణభాషణ పద్ధతి, నేర్చినవానికి అర్థమైనదో లేదో విచారింపక, వాక్యములను మరల మరల పలికించి అలవాటు చేయించినది. ఇంటిభాషలో ఒక్క మాట వెలువడినంతనే బాలుని దండించుట, జరిమానా విధించుట మొదలగు దురాచారములు ఈ బహిష్కారబుద్ధికి చుట్టములే. ఇవి నేటికిని కొన్ని బడులలో క్రమశిక్షణ యను పేర చెల్లుచుండుట విచారకరము.

1970 ప్రాంతమున ఆలోచన మఱియొక దారి పట్టినది. భాషాజ్ఞానమనగా వ్యాకరణశుద్ధి మాత్రమే కాదనియు, ఎవరితో ఏ సందర్భమున ఏ మాట ఏ తీరున పలుకవలెనో యెఱుగుటయు అందులో భాగమేననియు అమెరికా విద్వాంసుడు డెల్ హైమ్స్ ప్రతిపాదించెను. ఆ కాలపు నూతన భావములకు మన దక్షిణదేశపు సామాన్య పాఠశాలలలో పరీక్ష పెట్టినవారు ఎన్.ఎస్. ప్రభు. 1979 మొదలు 1984 వఱకు బెంగుళూరు, మద్రాసు మొదలగు చోట్ల ఆయన నడపిన ప్రయోగమున వ్యాకరణపాఠమను పేరే లేదు. పిల్లలకు ఒక రైళ్ల వేళల పట్టికయో, ఒక పటమో ఇచ్చి, దానినుండి సమాధానము తీయవలసిన సమస్యను ఆంగ్లమున వివరించెడివారు. పిల్లల బుద్ధి సమస్యమీద లగ్నమైయుండగా భాష తనంతట తాను లోపలికి చేరునని ప్రభు విశ్వాసము. దీనికి మన ప్రాంతమున పరికరముల కొఱత లేదు. కాజీపేటనుండి బల్హార్షా పోవు రైలుమార్గమునందు జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు కాగజ్‌నగరు స్టేషనులు వరుసగ నున్నవి. ఉదయము బెల్లంపల్లిలో బయలుదేరి, పెద్దపల్లిలో దిగి పని చూచుకొని, చీఁకటి పడకముందే తిరిగి రాగోరువాడు ఏ రైళ్ల నెక్కవలెనో తేల్చుమని నలుగురు పిల్లలకు ఒక పట్టిక యిచ్చినచో, వారు తమలో తాము ఏ భాషలో తర్కించుకొన్నను, తుదకు సమాధానమును ఆంగ్లమున చెప్పక తప్పదు. అక్షరము రాని పిల్లలకై ఇంకను సులభమైన మార్గమును జేమ్స్ ఆషర్ చూపెను: ఉపాధ్యాయుడు లెమ్మని, కూర్చుండుమని, ఆ ఆకు నందుకొనుమని ఆంగ్లమున చెప్పుచు తాను చేసి చూపును; పిల్లలు వినుచు చేయుదురు; నోరు విప్పుమని వారిని మొదటి దినములలో ఎవరును తొందరపెట్టరు. ఒకే ఉపాధ్యాయుడు అన్ని తరగతులను చూచుకొనవలసిన గూడెపు బడిలో దీనికంటె అనువైన ఆరంభము వేఱొకటి లేదు.

ఐనను, నా దృష్టిలో వీనియన్నింటికంటె విలువైనది, పిల్లలు వెంట తెచ్చుకొన్న భాషల స్వరూపమును బోధకుడు కొంతయైన నెఱిగియుండుట. ఆంగ్లమున పురుషునికి హి, స్త్రీకి షి, తక్కినవానికి ఇట్ అని మూడు సర్వనామములు. గోండీలోను కొలామీలోను ఏకవచనమున పురుషుని కొకటి, స్త్రీకిని పశుపక్ష్యాదులకును వస్తువులకును కలిపి మఱియొకటి, ఇంతే. తెలుగులో స్త్రీకి ఆమె యను వేఱు మాట యున్నను, ఆమె వచ్చినది, ఆవు వచ్చినది అని క్రియ మాత్ర మొక్కటియే. మన వైయాకరణులు మహత్తులు, అమహత్తులు అని విభజించినది ఈ స్వభావమును గమనించియే. ఉర్దూలో క్రియ స్త్రీపురుష భేదమును చూపును గాని సర్వనామము ఇద్దఱికి నొక్కటే. వంగభాషలో ఆ భేదము సర్వనామమునందును లేదు, క్రియయందును లేదు. మరాఠీలో ననిననో తో, తీ, తే అని మూడును విడివిడిగ నున్నవి.

ఇప్పుడు ఈ ఆఱు భాషల పిల్లలును ఒకే తరగతిలో నున్నారనుకొందము. తన అక్కనుగూర్చి చెప్పుచు ఇట్ అనిన గోండు బాలిక తెలివిమాలినది కాదు. ఆమె తన భాషాన్యాయమును తప్పక పాటించినది. హి, షి లను తాఱుమాఱు చేయు వంగబాలునికి తన భాషలో లేని భేదమును పట్టుకొనుటకు కొంత వ్యవధి కావలెను. మరాఠీ బాలుడు మూడింటిని ఇట్టే గ్రహించును గాని, వాని భాషలో నది స్త్రీలింగము, కొండ పుంలింగము గనుక, నదిని షి యనియు కొండను హి యనియు పిలిచి వేఱొక తప్పు చేయును. ఒకే తప్పునకు ఒకే దిద్దుబాటు చాలదని దీనివలన స్పష్టమగుచున్నది. నల్లబల్లమీద ఆఱు గడులు గీచి, వాడు వచ్చెను, ఆమె వచ్చెను, ఆవు వచ్చెను అను మూడు మాటలను మీ యింటిలో ఎట్లందురని ఒక్కొక్క పిల్లవానిచేత చెప్పించి వ్రాసినచో, అరగంటలో వారు తమంతట తామే భేదమును కనిపెట్టుదురు. అంతేకాక, ఎన్నడును నోరు విప్పని కొలాము బాలుడు ఆ దినమున తక్కినవారికి గురువగును. భయము, సిగ్గు పేరుకొన్న మనస్సులోనికి క్రొత్త భాష ప్రవేశింపదని స్టీఫెన్ క్రాషెన్ ఎన్నో పుటలలో వాదించెను.

ధ్వనుల విషయమును ఇట్టిదే. జిందగీ యనుటలోని జకారధ్వని, పండ్లతో పెదవి నొక్కి పలుకు ఫకారధ్వని ఉర్దూ ఇండ్ల పిల్లలకు పుట్టుకతో వచ్చినవి. వానిని తరగతికి నేర్పుటకు వారికంటె మేలైన సహాయకులు దొరకరు. వ్రాత విషయమున మాత్రము తెలుగు చదువ నేర్చినవాడు కొంత విస్మయమునకు లోనగును. తెలుగున క యెచ్చట నున్నను కయే. ఆంగ్లపు సి యొకచోట కకారముగను, వేఱొకచోట సకారముగను పలుకును. చదువుటలో స్వాభావికమైన ఇబ్బంది గల పిల్లలు ఈ చోటనే చతికిలబడుదురు. అక్షరముల పేర్లను కాక ధ్వనులను ముందు నేర్పుట, వ్రేలితో ఇసుకలో దిద్దించుట, విని చెప్పుటకు అవకాశ మిచ్చుట వారికి మేలుచేయును, తక్కిన పిల్లలకును కీడు చేయదు.

ఇంటిభాషనుండి మొదలిడవలెనను భావము మనకు విదేశీయ గ్రంథములనుండి దిగుమతియైనదని కొందఱందురు. ఆదిలాబాదు చరిత్ర నెఱిగినవా రట్లనరు. 1940లో జోడేఘాట్‌న కుమురం భీం నేలకొఱిగిన పిమ్మట, గోండుల అశాంతికి మూలము నరయుటకై నిజాము ప్రభుత్వము ఆస్ట్రియాదేశీయుడగు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫును నియోగించెను. ఆయన భార్య బెట్టీతోఁగూడ మార్లవాయి గూడెమున నివసించి, గోండీ నేర్చి, భూమిహక్కులు ఎంత ముఖ్యమో చదువును అంత ముఖ్యమని తెలిసికొని, 1943లో అచ్చటనే ఉపాధ్యాయ శిక్షణకేంద్రమును స్థాపింపఁజేసెను. ఉపాధ్యాయులు గోండు యువకులే, వాచకములు గోండీభాషలోనివే, లిపి మాత్రము దేవనాగరి, ఏలనన ఆ ప్రాంతమున అక్షరము వచ్చిన కొలదిమందికి వచ్చినది మరాఠీ. తమ భాషలో చదువ నేర్చిన పిమ్మటనే పిల్లలు అన్యభాషకు పోయెడివారు. అనంతరము ఆ ప్రాంతమున అధికారిగ నున్న సేతుమాధవరావు పగడి గోండీ, కొలామీలను స్వయముగ నేర్చి వానికి వ్యాకరణములు వ్రాసెను. ప్రభుత్వములు మాఱి, గోండీబోధన వెనుకబడినది. 1987లో గతించిన బెట్టీ సమాధి నేటికిని మార్లవాయిలోనే యున్నది. నార్నూరు మండలమందలి గుంజాలలో గోండులకు సొంత లిపియే కలదని ఆచార్య జయధీర్ తిరుమలరావు మొదలగువారి కృషివలన లోకమునకు తెలిసి, అది 2018లో యూనికోడున చేరినది. కావున ఇక అక్షరములు లేవను సాకు చెల్లదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004 ప్రాంతమున గోండీ, కొలామీ, కోయ, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అను ఎనిమిది భాషలలో, తెలుగు లిపిలోనే, ప్రాథమిక వాచకములను సిద్ధముచేయించి బహుభాషా విద్యాకార్యక్రమమును ఆరంభించిరి. ఈ మార్గమునకు శాస్త్రాధారము లేకపోలేదు. కెనడాలో వలసవచ్చిన కుటుంబముల పిల్లలను పరిశీలించిన జిమ్ కమిన్స్, వారు ఆటపాటలలో ఆంగ్లమున మాటలాడుటకు రెండేండ్లు చాలుననియు, గణితము, విజ్ఞానము మొదలగువానిని ఆ భాషలో గ్రహించుటకు ఐదునుండి ఏడేండ్లు పట్టుననియు నిరూపించి, మాతృభాషలో పెంపొందిన ఆలోచనాశక్తి రెండవ భాషకును సంక్రమించునని సిద్ధాంతీకరించెను. 1994లో వేల్స్ దేశపు విద్యావేత్త కెన్ విలియమ్స్, ఒక భాషలో చదివించి మఱియొక భాషలో వ్రాయించు పద్ధతిని వెల్ష్, ఆంగ్ల తరగతులలో వర్ణించి దానికొక పేరు పెట్టెను. మన ఉపాధ్యాయులు దీనినే అనాదిగ, అధికారి వచ్చినప్పుడు మానుచు, పోయినపిమ్మట కొనసాగించుచు, తప్పు చేయుచున్నామన్న భావముతో చేయుచున్నారు. అది తప్పు కాదని వారికి ధైర్యము చెప్పుట శిక్షణ నిచ్చువారి మొదటి విధి.

పరభాష నేర్చువా రందఱు చిన్నపిల్లలే కారు. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయిన కార్మికులు ఏ పుస్తకమును లేకయే పనిచోట హిందీయు, వ్యవహారమాత్రపు అరబ్బీయు పట్టుకొనుచున్నారు. ఆజ్ఞ, పరికరము, పని కన్నులయెదుట ఉన్నందున అర్థము దానంతటది తెలియుచున్నది. అట్టివారికి ప్రయాణమునకు ముందే జీతపు కాగితము, వైద్యశాల, ప్రమాదసూచనలు అను విషయములపై కొలది వారముల బోధన చేసినచో ఎన్నో మోసములు తప్పును. 2008లో బాసరలో నెలకొన్న సాంకేతిక విశ్వవిద్యాలయమునకు పదవతరగతి పిమ్మట పల్లెలనుండి వచ్చిన తెలుగుమాధ్యమ విద్యార్థులది మఱియొక సమస్య: వారికి ఆంగ్లముతో పని మాటలాడుటకు గాక ముందు భౌతికశాస్త్రము చదువుటకు. ఒక్కొక్కరి యక్కఱ నడిగి తెలిసికొని పాఠ్యక్రమమును దానిచుట్టు అల్లుట నేటి బోధనాశాస్త్రమున స్థిరపడిన సూత్రము.

తల్లిదండ్రులు ఆంగ్లమాధ్యమమునే కోరుచున్నారు గదా యని అడుగవచ్చును. వారి కోరిక న్యాయమైనది. ఉద్యోగపు తలుపు ఆ భాషతో తెఱచుకొనుచున్నదని వారు కన్నులార చూచుచున్నారు. నేను వలదనుట లేదు. ఆంగ్లము వచ్చుటకు గోండీ పోవలసిన పని లేదనుచున్నాను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున శాస్త్రములన్నింటిని ఉర్దూలో బోధించుచు ఆంగ్లమును నిర్బంధ భాషగ చదివించిరి. పూర్వపు కరీంనగరు జిల్లా వంగరలో పెరిగిన పీ.వీ. నరసింహారావు తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ, ఆంగ్లములలో దేనిని విడువక అన్నింటిని వశపఱచుకొనెను.

ఆదిలాబాదు, కరీంనగరు జిల్లా విద్యాశిక్షణ సంస్థలును, ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థయు చేయవలసిన పని మూడు విధములు. గూడెపు బడులలో నియుక్తులగు ఉపాధ్యాయులకు ఒక యేడాది గోండీయో కొలామీయో నేర్పవలెను. మొదటి రెండు తరగతుల ద్విభాషా పుస్తకములందు తెలుగుకు బదులు పిల్లల యింటిభాష నుంచి, తెలుగును ఆంగ్లమును మౌఖికముగ ఆరంభింపవలెను. గోండు, కొలాము యువతీయువకులను ఆ బడులలోనే ఉపాధ్యాయులుగ నియమింపవలెను. తల్లిదండ్రులారా, రేపు బడికి పోయి, మా పిల్లవాని కింటిలో వచ్చిన భాష ఏదో మీకు తెలియునా యని ఉపాధ్యాయుని అడుగుడు.