45 దాటాక ఎంత చేసినా బరువు ఎందుకు తగ్గదు? నేను చేసిన తప్పులు, నేర్చుకున్న లెక్కలు

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం నా సొంత గోల. నాకు 47 ఏళ్ళు. ఇవి చూసేవాళ్ళలో ఎక్కువమంది ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్ళే అని నాకు తెలుసు. "మాకెందుకండీ ఇదంతా" అని స్కిప్ చేయకండి. ఒకటి, మీ ఇంట్లో అమ్మో నాన్నో సరిగ్గా ఇదే బాధ పడుతూ ఉండొచ్చు. రెండోది, నేను చెప్పబోయే తప్పుల్లో సగం నేను ముప్పైల్లో ఉన్నప్పుడు మొదలుపెట్టినవే.

రెండేళ్ళ క్రితం చెకప్ చేయించుకుంటే నా బరువు 72 కిలోలు. హెచ్‌బిఎ1సి 6.1. అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే టెస్ట్ అన్నమాట. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్, 6.5 దాటితే షుగర్ వచ్చినట్టే. మా అమ్మకి యాభై దాటగానే షుగర్ వచ్చింది. అరికాళ్ళు మంటలని రాత్రిళ్ళు ఆవిడ నిద్రపోకుండా కూర్చోవడం చూస్తూ పెరిగినదాన్ని. అందుకే ఆ రిపోర్ట్ చూడగానే నిజంగా భయమేసింది.

వెంటనే అందరూ చేసేదే చేశాను. పొద్దున్నే వేడినీళ్ళలో నిమ్మరసం, తేనె. టిఫిన్‌కి ఓట్స్. రాత్రి అన్నం బంద్, రెండు పుల్కాలు. రోజూ 45 నిమిషాలు వాకింగ్. మూడు నెలల్లో 4 కిలోలు తగ్గాను. అందరూ "బాగా తగ్గావే" అంటుంటే ఆ ఆనందం వేరే. తర్వాత ఆగిపోయింది. రెండు నెలలపాటు ముల్లు కదల్లేదు. ఇంకా తక్కువ తిన్నాను. జుట్టు రాలింది, ఇంట్లో అందరి మీదా అరవడం మొదలైంది, బరువు మాత్రం అక్కడే. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి రెండు కిలోలు వెనక్కి వచ్చేశాయి. ఎండాకాలం అయ్యేసరికి తగ్గిన నాలుగూ వచ్చి, వడ్డీ కింద ఇంకో కిలో. 73.

అప్పుడే ఇంకో విషయం జరిగింది. చుట్టాలింట్లో సత్యనారాయణ వ్రతం. పీట మీద నుంచి లేవబోతే లేవలేకపోయాను. చెయ్యి నేలకి ఆనించి, పక్కవాళ్ళ భుజం పట్టుకుని లేచాను. నా పక్కనే డెబ్భై దాటిన మా పెద్దత్తయ్య దేన్నీ పట్టుకోకుండా టక్కున లేచి వెళ్ళిపోయింది. జీవితమంతా పొలంలో నాట్లు వేసిన మనిషి ఆవిడ. ఆ రోజు నాకు బరువు కంటే అదే ఎక్కువ బాధనిపించింది.

తర్వాత ఒక డైటీషియన్ దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "నాలుగు కిలోలు తగ్గారు సరే, తగ్గింది కొవ్వా, కండా?" నా దగ్గర సమాధానం లేదు. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్న గురించే.

మెటబాలిజం మీద నింద వేశాను

నలభై దాటితే మెటబాలిజం పడిపోతుంది, అందుకే తగ్గం అని నేనూ నమ్మాను. 2021లో సైన్స్ పత్రికలో హెర్మన్ పాంట్జర్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం ఒక పెద్ద స్టడీ ప్రచురించారు. 29 దేశాల్లో, 8 రోజుల పసిబిడ్డ నుంచి 95 ఏళ్ళ ముసలివాళ్ళ దాకా, 6,400 మందికి పైగా మనుషులు రోజుకి ఖర్చు చేసే శక్తిని లెక్కకట్టారు. ఒంటి సైజునీ, కండనీ లెక్కలోకి తీసుకుని చూస్తే 20 నుంచి 60 ఏళ్ళ వరకు మెటబాలిజం దాదాపు ఒకేలా ఉంది. 60 తర్వాతే మెల్లగా తగ్గడం మొదలవుతుంది.

అంటే 45 ఏళ్ళకి లోపల మంట ఆరిపోలేదు. మరి ఏం మారింది? నాకు అర్థమైనంతలో నాలుగు మారాయి.

ఒకటి: కండ కరిగింది

ముప్పై దాటాక, వ్యాయామం లేకపోతే పదేళ్ళకి సుమారు 3 నుంచి 8 శాతం కండ పోతుంది. బయటికి కనపడదు, ఎందుకంటే ఆ ఖాళీలో కొవ్వు చేరుతుంది. బరువు అదే, లోపల సరుకు వేరు.

ఇక్కడ యూట్యూబ్‌లో చెప్పే ఒక మాట సరిచేయాలి. కండ పెంచితే కూర్చున్నా క్యాలరీలు తెగ కరిగిపోతాయి అంటారు. అంత లేదండీ. విశ్రాంతిగా ఉన్నప్పుడు కిలో కండ రోజుకి ఖర్చు చేసేది సుమారు 13 క్యాలరీలే. మరి కండ ఎందుకు? మనం తిన్న అన్నంలోంచి రక్తంలోకి వచ్చిన షుగర్‌ని ఎక్కువగా లాక్కుని దాచుకునేది కండే. అది షుగర్‌కి గోడౌన్ లాంటిది. గోడౌన్ చిన్నదైతే సరుకు రోడ్డు మీద, అంటే రక్తంలో, ఉండిపోతుంది. పీట మీద నుంచి లేవాలన్నా అదే కండ కావాలి.

డైట్ చేసినప్పుడు ప్రొటీన్ సరిపోక, బరువులెత్తే పని లేక బరువు తగ్గితే, తగ్గిన దాంట్లో సుమారు పావు వంతు కొవ్వు కానిదే పోతుంది. మళ్ళీ పెరిగేటప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వే వస్తుంది. అంటే నేను నాలుగు కిలోలు తగ్గి ఐదు పెరగడం వల్ల, మొదలుపెట్టిన చోటు కంటే వెనక్కి వెళ్ళాను.

రెండు: కొవ్వు చోటు మారింది

మన దేశంలో ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోయే వయసు సగటున 46, 47. ఈస్ట్రోజన్ తగ్గేకొద్దీ తొడలు, పిరుదుల దగ్గర చేరే కొవ్వు పొట్టలోకి, అవయవాల చుట్టూ చేరడం మొదలవుతుంది. మగవాళ్ళకి ఎలాగూ మొదటి నుంచీ పొట్ట దగ్గరే. పైగా మన భారతీయులకి తక్కువ బరువులోనే పొట్ట కొవ్వు ఎక్కువ. అందుకే మనకి బీఎమ్ఐ 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. నడుము చుట్టుకొలత ఆడవాళ్ళకి 80, మగవాళ్ళకి 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఇంట్లో దర్జీ టేపు ఉంటే చాలు. బరువు మిషన్ చెప్పని నిజం అది చెప్తుంది.

మూడు: కదలిక పోయింది

వాకింగ్ చేస్తున్నా కదా అంటారా? రోజులో 45 నిమిషాలు వాకింగ్, మిగతా పదిహేను గంటలు? మా అమ్మ బిందెలతో నీళ్ళు మోసేది, రోట్లో పచ్చడి నూరేది, బట్టలు ఉతికేది. నాకు మిక్సీ, వాషింగ్ మిషన్, లిఫ్ట్. ఉప్పు ప్యాకెట్ కూడా పది నిమిషాల్లో గుమ్మం దగ్గరికి వస్తుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, ఈ కొవ్వు మాత్రం కరగదు!

1999లో జేమ్స్ లెవిన్ అనే డాక్టర్ అమెరికాలో 16 మందికి ఎనిమిది వారాలపాటు రోజుకి 1,000 క్యాలరీలు అదనంగా పెట్టారు. కొందరికి అర కిలో కొవ్వు కూడా పెరగలేదు, కొందరికి 4 కిలోలు దాటింది. ప్రధాన తేడా వ్యాయామంలో కాదు, రోజంతా తెలియకుండా చేసే చిన్న చిన్న కదలికల్లో ఉంది. తక్కువ తింటున్నప్పుడు ఒళ్ళు ఈ కదలికల్నే చప్పుడు లేకుండా తగ్గించేస్తుంది. నేను వాకింగ్ చేసొచ్చి "అలిసిపోయా" అని సాయంత్రం దాకా సోఫా దిగేదాన్ని కాదు. ఇంకేముంది, నడక ఫలితం సోఫాకే పోయింది.

నాలుగు: లెక్క తప్పింది

ఇది ఒప్పుకోవడం కష్టమైంది. 1992లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక స్టడీ వచ్చింది. ఎంత డైట్ చేసినా తగ్గట్లేదన్న పది మందిని పరీక్షించారు. వాళ్ళ మెటబాలిజం బాగానే ఉంది. కానీ తిన్నదాన్ని 47 శాతం తక్కువగా, చేసిన వ్యాయామాన్ని 51 శాతం ఎక్కువగా చెప్పారు. వాళ్ళేమీ మోసం చేయలేదండీ. మనకి గుర్తుండదు, అంతే.

నేను మూడు వారాలు ప్రతిదీ ఫోన్‌లో రాశాను. వంట చేస్తూ రుచి చూసింది, పిల్లలు వదిలేసిన అన్నం పారెయ్యలేక తిన్నది, కారప్పొడిలో పోసిన నూనె, అన్నీ. రోజుకి నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. ఎనిమిది చెంచాలంటే సుమారు 150 క్యాలరీలు. నా బరువుకి 45 నిమిషాల వాకింగ్‌లో ఖర్చయ్యేది 180 దాకా. అంటే పొద్దున్న చెమటోడ్చిన నడక దాదాపు టీలో చక్కెరకే సరిపోయింది!

అదే నోట్స్‌లో ఇంకోటి బయటపడింది. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం, కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. నాకైతే 60 గ్రాములు. డైట్ పేరుతో నేను తింటున్నది 32 గ్రాములు. క్యాలరీలు ఎక్కువ, ప్రొటీన్ సగం. రెండువైపులా నష్టమే.

మరి ఏం మార్చాను?

టీ రెండుకి తగ్గించి, చక్కెర అర చెంచా చేశాను. ఓట్స్ తీసేసి పెసరట్టు, పక్కన ఒక గుడ్డు. మధ్యాహ్నం అన్నం సగం, పప్పు చిక్కగా రెట్టింపు, కప్పు పెరుగు. సాయంత్రం శనగల గుగ్గిళ్ళు. రాత్రి పుల్కాతో చేపో, చికెనో, మీల్‌మేకరో. 60 గ్రాములు సులువుగా దాటుతుంది, పౌడర్ డబ్బాలేమీ అక్కర్లేదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ప్రొటీన్ పెంచకండి.

వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు కండకి పని. జిమ్ కాదు. స్కూల్లో సార్లు శిక్షగా వేయించేవాళ్ళే, గుంజీళ్ళు, గోడకుర్చీ, అవే. మొదట్లో కుర్చీ పట్టుకుని ఐదు గుంజీళ్ళు. గోడకి చేతులు ఆనించి దండాలు. ఐదు లీటర్ల నీళ్ళ క్యాన్ చెరో చేత్తో పట్టుకుని హాల్లో నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వారానికి 150 నిమిషాల నడకతో పాటు, కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం చేయమంటుంది. మనం మొదటిది విని రెండోది వదిలేశాం. ఇంకా, ఫోన్ పట్టుకుని పన్నెండింటిదాకా మేలుకోవడం మానేశాను. నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, అది నేనే చూశాను.

ఎనిమిది నెలలైంది. నిజం చెప్తాను, బరువు తగ్గింది 3 కిలోలే. 70. కానీ నడుము 94 నుంచి 87 సెంటీమీటర్లకి వచ్చింది. హెచ్‌బిఎ1సి 5.8. ఇంకా హద్దు దాటి బయటికి రాలేదు, కానీ దిశ మారింది. మొన్న శ్రావణ శుక్రవారం పూజలో పీట మీద నుంచి దేన్నీ పట్టుకోకుండా లేచాను. ఎవరూ గమనించలేదు. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇంకో మాట. అన్నీ సరిగ్గా చేసినా కదలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. థైరాయిడ్ టెస్ట్ చేయించుకోండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని డిప్రెషన్ మందులు బరువు పెంచుతాయి. అలాగని మీ అంతట మీరు మందులు ఆపేయకండి, అడగండి. పెద్దగా గురక ఉంటే అదీ చెప్పండి. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి, కొందరికి నిజంగా అవసరం కూడా. కానీ డాక్టర్ పర్యవేక్షణలోనే. వాటితో తగ్గేటప్పుడు కూడా కొవ్వుతో పాటు కండ పోతుంది, కాబట్టి గుంజీళ్ళు అప్పుడూ తప్పవు.

ఇక మీకు, అంటే ఇరవైల్లో ఉన్నవాళ్ళకి. కండ పెంచుకోవడానికి ఇదే మంచి వయసు. ఇప్పుడు వేసుకున్నది తర్వాత ఖర్చుకి ఉంటుంది. అమ్మకి గ్రీన్ టీ ప్యాకెట్లు, డీటాక్స్ పౌడర్లు ఆర్డర్ చేసి ఇవ్వకండి. "అమ్మా, లావైపోయావే" అని అసలే అనకండి, ఆవిడకి తెలుసు. మీ కంచంలో అన్నం వదిలేయకండి, అది చివరికి ఆవిడ తింటుంది. ఆవిడ కంచంలో గుడ్డో, పప్పో ముందు మీరే వడ్డించండి. సాయంత్రం పక్కన నిలబడి ఆవిడతో పది గుంజీళ్ళు తీయండి. మొదటిరోజు నవ్వుతారు. నవ్వనివ్వండి.

అంతేనండీ ఈ రోజుకి. ఇంట్లో టేపు వెతికి ఒక్కసారి అందరి నడుమూ కొలిచి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.