సాకెట్టు పనితీరు
సాకెట్టనఁగా రెండు కంప్యూటరు ప్రోగ్రాములు మాటలాడుకొను ద్వారము. 1983 లో బర్క్లీ యందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 4.2 బీఎస్‌డీ యూనిక్సుతో దీనిని వెలువరించిరి. సర్వరు బైండుతో నొక పోర్టు సంఖ్యను గైకొని, లిసెన్ చేసి, యాక్సెప్టునొద్ద వేచియుండును. క్లయింటు కనెక్టుతో వచ్చి తాఁకును. ఇంతవఱకు సులభమే.

చిక్కు పిమ్మటఁ గలదు. వాక్యములు తపాలా జాబులవలె విడివిడిగాఁ జేరునని మా విద్యార్థులు తలంతురు. టీసీపీ యట్టిది గాదు, కాలువనీరు. బైట్ల వరుస తప్పదు గాని వాక్యముల హద్దు నిలువదు. రెండుమాఱులు పంపినది యొక్క రిసీవులోనే రావచ్చును. యూటీఎఫ్-8 లో మూఁడు బైట్ల 'అ'కారము నడుమనే తెగవచ్చును. ఒకే యంత్రమునఁ బరీక్షించునపుడీ లోపము తఱచు దాఁగియుండును. కావున వాక్యాంతమునఁ బంక్తిముగింపు గుర్తునుంచి, యది చేరువఱకు బైట్లను గూడఁబెట్టవలయునని మేము చెప్పుచున్నాము. రిసీవు సున్న బైట్లు దెచ్చెనా, యవతలివారు పంపుట ముగించిరి.