డిస్క్ వంకర.. బ్రేకు తకరారు

లీవర్ నొక్కగానే వేళ్లకు తగిలే చిన్న అదురును సూరత్ మరమగ్గాల కార్మికులు తేలిగ్గా తీసుకుంటున్నారు. కానీ ఆ అదురు వెనుక ఉన్న కారణాన్ని పట్టుకోవడం ఓ విద్యే.

సూరత్‌లోని లింబాయత్‌లో షిఫ్టు మారే వేళ రోడ్డు మీద కాలు పెట్టడానికి చోటుండదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా ఉంటున్న పేట ఇది. 12 గంటలు మగ్గాల హోరులో నిలబడి వచ్చిన మనిషికి ఇల్లు చేరడానికి బైకే దిక్కు. వెనక సీటు మీద ఒక్కోసారి భార్యాబిడ్డలు, ఒక్కోసారి నడుమెత్తు బట్టల మూట. ఇంత బరువునూ ఆపాల్సింది ప్రధానంగా ముందు చక్రానికున్న, 4-5 మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉండే ఉక్కు పళ్లెం.

అది వంకరపోతే ముందుగా కబురు చెప్పేది లీవరే. బ్రేకు వేసినప్పుడు నాడి కొట్టుకున్నట్లు వేళ్ల కింద అదురుతుంది. బండి వేగం తగ్గేకొద్దీ ఆ అదురూ నెమ్మదిస్తుంది. అసలు ప్రమాదం మరోటి ఉంది. వంకర డిస్క్ తిరిగే ప్రతిసారీ ప్యాడ్లను వెనక్కి నెడుతుంది. దాంతో అవసరమైన క్షణంలో మొదటి నొక్కుకు లీవర్ లోపలికి జారిపోతుంది, బ్రేకు ఆలస్యంగా పడుతుంది. ఎదురుగా లారీ ఉంటే ఆ ఆలస్యం ఖరీదు చెప్పనక్కర్లేదు.

దోషి ఎవరు?

వేడికే డిస్క్ వంగిపోతుందని చాలామంది నమ్మకం. నిజానికి ఎక్కువసార్లు వంచేది దెబ్బే. పంక్చర్ వేసేటప్పుడు చక్రాన్ని డిస్క్ వైపు నేల మీద పడుకోబెట్టి, టైరు ఊడదీయడానికి పైన ఎక్కి తొక్కడం అన్నిటికన్నా సాధారణమైన కారణం. డిస్క్‌కు తాళం వేసిన సంగతి మరచి బండిని ముందుకు లాగడం, టెంపోలో తరలించేటప్పుడు డిస్క్‌లోంచి తాడు పోనిచ్చి బిగించడం కూడా అలాంటివే.

ప్రతి అదురూ వంకర వల్లే రాదు. ప్యాడ్ల పదార్థం డిస్క్ మీద మచ్చలుగా అంటుకున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. క్యాలిపర్ అటూ ఇటూ జారే పిన్నులు బిగుసుకుపోయినా అంతే. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది. అలాంటి నీళ్లలో, బురదలో నానిన బండికి మొదట చూడాల్సింది ఈ పిన్నులనే. ఏబీఎస్ ఉన్న బండైతే ఇంకో మెలిక ఉంది. 125 సీసీ దాటిన బైకులన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రమే లీవర్ కొట్టుకుంటే అది ఏబీఎస్ తన పని తాను చేస్తున్నట్లే. మెల్లగా వేసినా కొట్టుకుంటేనే అనుమానించాలి.

కొలిస్తే తేలుతుంది

పరీక్ష మొదలయ్యేది ఒట్టి చేతులతోనే. ముందు చక్రాన్ని గాల్లోకి లేపి తిప్పాలి. ప్రతి చుట్టులో ఒకే చోట రాసుకుంటే డిస్క్‌ను, చుట్టంతా రాసుకుంటే క్యాలిపర్‌ను అనుమానించాలి. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే కదులుతోందంటే తప్పు బేరింగ్‌ది.

ఆ తర్వాత పని డయల్ గేజ్‌ది. దాన్ని ఫోర్క్‌కు బిగించి, మొన డిస్క్ అంచుకు దగ్గరగా ఆనించి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పాలి. ముల్లు చూపే గరిష్ఠ, కనిష్ఠ అంకెల మధ్య తేడాయే వంకర. చాలా బైకులకు హద్దు 0.3 మిల్లీమీటర్లు, కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్లో ఉంటుంది. హద్దు దాటిందని వెంటనే డిస్క్‌ను పారేయకూడదు. విప్పి, అది హబ్‌కు ఆనే చోట తుప్పు, మట్టి తుడిచి, మళ్లీ బిగించి కొలవాలి. ఒక్కోసారి రోగం అక్కడే కుదురుతుంది. చివరగా మైక్రోమీటరుతో నాలుగైదు చోట్ల మందం చూడాలి. కనీస మందం ఎంతుండాలో సాధారణంగా డిస్క్ మీదే చెక్కి ఉంటుంది.

సుత్తి వైద్యం వద్దు

మచ్చలే కారణమైతే ఎమరీ కాగితంతో రుద్ది, బ్రేకు క్లీనర్‌తో తుడిస్తే చాలు. పిన్నులు బిగుసుకుంటే శుభ్రం చేసి వాటికి తగిన గ్రీజు పెట్టాలి. కానీ నిజంగా వంగిన డిస్క్‌ను సుత్తితో కొట్టడం, గ్యాస్ మంటతో కాల్చి సరిచేయడం మాత్రం చేయకూడదు. మంట తగిలితే ఉక్కు గట్టిదనం పోతుంది, దెబ్బలకు పగుళ్లు రావచ్చు. లేత్ మీద చెక్కిస్తే అసలే పలచని డిస్క్ మరింత పలచనవుతుంది. కొత్తది వేయడమే మార్గం. దానితోపాటు ప్యాడ్లూ మార్చాలి.

బోల్టులను వరసగా కాకుండా ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. డిస్క్ మీది నూనె పొర తుడవాలి. బండి కదిలించే ముందు లీవర్ గట్టిపడే దాకా నొక్కాలి. ఈ ఒక్కటి మరిస్తే మొదటి మలుపులోనే బ్రేకు ఉండదు. కొత్త ప్యాడ్లు కుదురుకునే దాకా మొదటి 200-300 కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి.

మగ్గం మీద ఒక్క పోగు తెగినా పసిగట్టి ఆపే చేతులివి. లీవర్ చెప్పే కబురునూ అవి అంతే శ్రద్ధగా వినాలి. ఇక పంక్చర్ షాపులో చక్రం విప్పినప్పుడు 'డిస్క్ పైకి పెట్టన్నా' అని ఒక్క మాట అంటే, చాలావరకు ఈ తకరారే రాదు.