రామగుండంలో బొగ్గూ ఎండా

రామగుండం థర్మల్ కేంద్రంలో మండే బొగ్గు ఒకప్పటి అడవి. పాతిక కోట్ల ఏళ్లకు పూర్వం, భారత భూభాగం గోండ్వానా మహాఖండంలో కలిసి ఉన్న కాలంలో, ఇప్పటి ప్రాణహిత-గోదావరి లోయలో గ్లోసాప్టెరిస్ జాతి చెట్లు దట్టంగా పెరిగాయి. అవి బురదనీటిలో కూలి, గాలి తగలక పూర్తిగా కుళ్లకుండానే ఒండ్రు కింద పూడిపోయాయి. పైపొరల బరువుకు, లోపలి వేడికి నీరూ వాయువులూ పోయి కర్బనం మిగిలింది. గోండ్వానా అన్న పేరు గోండుల నేల నుంచి వచ్చిందే. ఆ గోండులు నేటికీ ఈ లోయ అడవుల్లో బతుకుతున్నారు.

1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో, ఆ పక్కనే ఉన్న ఒక ఊరి పేరు మీద సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. నేడది ఏటా దాదాపు ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీస్తోంది. తట్టా చెమ్మస్ (పార) పట్టి మనుషులు బొగ్గు ఎత్తిన పాత బొగ్గుబాయిలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఉత్పత్తిలో చాలా భాగం ఇప్పుడు నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టులదే. అక్కడ ఒక టన్ను బొగ్గు చేతికి రావాలంటే ఐదారు ఘనపు మీటర్ల మట్టి, రాయి తవ్విపోయాలి. గోదావరిఖని, మంచిర్యాల చుట్టుపక్కల కనిపించే బోడి గుట్టల్లో చాలావాటిని కొండలు అనుకుంటే పొరపాటు. అవి ఓపెన్‌కాస్టు మట్టి కుప్పలు. వాటి కింద, గోతుల లోపల, ఒకప్పటి పొలాలూ ఊళ్లూ ఉన్నాయి.

థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ కరెంటు పుట్టడానికి సుమారు 650 గ్రాముల బొగ్గు కాలుతుంది. వేసవి రాత్రి ఒక ఇంట్లో ఏసీ ఎనిమిది యూనిట్లు వాడిందంటే, తెల్లారేసరికి ఐదు కిలోలకు పైగా బొగ్గు బూడిదైనట్టే. బొగ్గు వంటింటి పొయ్యిలోనే కాలితే ఆ బూడిదను ఇంటివాళ్లే పొద్దున్నే ఎత్తిపోసుకోవాలి, అప్పుడు లెక్క కళ్లకు కనపడుతుంది. రామగుండంలోని పాత కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. అది పూర్తి స్థాయిలో నడిస్తే రోజుకు దాదాపు 40 వేల టన్నుల బొగ్గు కావాలి. దేశీయ బొగ్గులో మూడో వంతు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ బూడిదే. సిమెంటులోకి, ఇటుకల్లోకి కొంత పోయినా, మిగిలినది చెరువుల్లాంటి గుంటల్లో చేరుతుంది. ఎండాకాలం గాలి లేస్తే ఆ బూడిద వాకిళ్ల మీద, ఆరేసిన బట్టల మీద, ఊపిరితిత్తుల్లో పడుతుంది. అందులో పాదరసం, ఆర్సెనిక్ లాంటి విష మూలకాల జాడలు కూడా ఉంటాయి. బొగ్గు కరెంటు చవక అనే మాటలో ఈ ఖర్చులేవీ లేవు. వాటిని బిల్లు కట్టేవాళ్లు కాక, గనుల పక్కన, పొగగొట్టాల పక్కన బతికేవాళ్లు భరిస్తున్నారు.

కంటికి కనపడని నష్టం ఇంకా పెద్దది. కర్బనం కాలినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది కనుక ఒక కిలో కర్బనం నుంచి 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. బొగ్గు కన్నా దాని పొగ బరువెక్కువ కావడానికి కారణం ఇదే. ఈ వాయువు ఎండలో మామూలు గాలి కన్నా ఎక్కువ వేడెక్కుతుందని 1856లోనే అమెరికన్ మహిళ యూనిస్ ఫుట్ గాజు గొట్టాలతో ప్రయోగం చేసి చూపింది. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో ప్రతి పది లక్షల భాగాలకు 280 భాగాలున్న ఈ వాయువు, 1958లో హవాయి దీవుల్లో కొలత మొదలయ్యేనాటికి 315కు చేరింది. ఇప్పుడు 420 దాటింది. ఈ పెరుగుదల శిలాజ ఇంధనాల వల్లనేనని చెప్పే సాక్ష్యం ఆ గాలిలోనే ఉంది. బతికున్న చెట్టులో కార్బన్-14 ఉంటుంది. కోట్ల ఏళ్ల నాటి బొగ్గులో, చమురులో అది ఎప్పుడో నశించిపోయింది. ఆ పాత కర్బనం కలిసినకొద్దీ గాలిలో కార్బన్-14 వాటా పలచబడుతూ వస్తోంది. పూడిన అడవి తిరిగి ఆకాశానికెక్కుతున్న ఆనవాలు అది.

దీనికి మారు ఏముందో చూడటానికి రామగుండం దాటి పోనక్కర్లేదు. అదే కేంద్రం జలాశయం మీద దాదాపు 500 ఎకరాల మేర సౌర పలకలు తేలుతున్నాయి. 100 మెగావాట్ల ఈ ప్లాంటు 2022 జూలై నాటికి పూర్తిగా నడక అందుకుంది. నేల అక్కర్లేదు, కింది నీటి చల్లదనానికి పలకలు మెరుగ్గా పనిచేస్తాయి, పలకల నీడకు నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఇలా మిగులుతుందని ప్రభుత్వ అంచనా. ఒడ్డున నిలబడితే ఒకే చూపులో పొగగొట్టాలూ, నీటి మీది నీలి పలకలూ కనిపిస్తాయి.

ధర విషయంలో సౌర విద్యుత్తు ఇప్పటికే గెలిచింది. దశాబ్దంన్నర కిందట యూనిట్ పది రూపాయలు దాటిన ఈ కరెంటుకు 2017లో కడప సోలార్ పార్కు వేలంలో 3 రూపాయల 15 పైసల ధర పలికింది. తర్వాతి వేలాల్లో ఇంకా తగ్గింది. పొలాల మోటార్లకు ఇది తగిన కరెంటు. అర్ధరాత్రి కరెంటు వచ్చిందని రైతు టార్చిలైటు పట్టుకుని స్టార్టర్ దగ్గరికి పోయి పాముకాటుకు గురైన సంఘటనలు తెలుగు పల్లెలకు కొత్త కాదు. ఎండ ఉన్నప్పుడే మోటారు నడిస్తే ఆ గండం తప్పుతుంది.

చిక్కంతా పొద్దు గుంకిన తర్వాతే. 100 మెగావాట్ల సౌర ప్లాంటు 100 మెగావాట్ల థర్మల్ యూనిట్‌తో సమానం కాదు. రాత్రిళ్లూ మబ్బులూ కలుపుకుంటే, ఏడాది మొత్తంలో అది తన సామర్థ్యంలో నాలుగో వంతు కూడా ఇవ్వడం కష్టం. ఏసీలు ఆన్ అయ్యే వేళకు పలకలు నిద్రపోతాయి. కాబట్టి నిల్వ లేని సౌర విద్యుత్తు సగం పరిష్కారమే. బ్యాటరీలు ఒక దారి. తెలుగు నేలకు బాగా అలవాటైన దారి ఇంకొకటుంది. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో దశాబ్దాల కిందటే తిరగేసి నడిపే టర్బైన్లు పెట్టారు. కరెంటు మిగిలినప్పుడు అవి కింది నీటిని పైకి తోడతాయి, కొరత వేళ అదే నీటిని వదిలి కరెంటు తీస్తాయి. పెట్టిన కరెంటులో ముప్పాతిక వంతు దాకా తిరిగి వస్తుంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఇదే పద్ధతిని సౌర, పవన విద్యుత్తులతో జోడించారు. అనంతపురం, కర్నూలు ప్రాంతపు గాలిమరలు నైరుతి రుతుపవనాల నెలల్లో జోరుగా తిరుగుతాయి, అంటే మబ్బులకు సౌర విద్యుత్తు తగ్గే రోజుల్లో.

కొత్త దారిలోనూ గాయాలుంటాయి. అదే నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యాన్ని బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేశారు. దూరం నుంచి తీగలను గుర్తించలేని ఆ బరువైన పక్షికి హైటెన్షన్ లైన్లు మృత్యుపాశాలు. ఏ మైదానంలో పలకలు పరచాలి, ఏ మైదానాన్ని వదిలేయాలి అన్నది ముందే తేల్చుకోవాల్సిన విషయం. ఖాళీగా కనపడే బీడు, గొర్రెల కాపరికి ఖాళీ కాదు.

దేశంలో స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదేనని 2025లో కేంద్రం ప్రకటించింది. అయినా వాస్తవంగా వాడుకునే కరెంటులో అత్యధిక భాగం బొగ్గు నుంచే వస్తోంది. అది రేపటికి రేపు ఆగదు. మానవలసిన పని, కొత్తగా కావలసిన ప్రతి మెగావాటుకూ మళ్లీ బొగ్గు వైపే చూడటం.

సింగరేణిలో 1990 ప్రాంతంలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు సుమారు నలభై వేల మంది. సౌర విద్యుత్తు వచ్చి వాళ్ల పని తీయలేదు. ఓపెన్‌కాస్టులూ యంత్రాలూ తగ్గించిన సంఖ్య అది. కంపెనీ స్వయంగా 200 మెగావాట్లకు పైగా సౌర ప్లాంట్లు పెట్టింది కానీ, పలకలు తుడిచి మీటర్లు చూసే పనికి గనికి కావలసినంత మంది అక్కర్లేదు. బొగ్గు తగ్గించే ప్రణాళిక వేసేవారు పలకల లెక్కతో పాటు గోదావరిఖని, ఇల్లెందు, మందమర్రి పిల్లల ఉద్యోగాల లెక్క కూడా అదే కాగితం మీద వేయాలి. తరాలుగా ఈ ప్రాంతానికి వెలుగిచ్చిన ఊళ్లు అవి.