కొవిడ్‌ను ఎవరు బాగా ఎదుర్కొన్నారు? ఏ లెక్క చూడాలి?

2019 అక్టోబరులో, వుహాన్ అనే ఊరి పేరు మనలో చాలామంది ఇంకా వినని రోజుల్లో, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం మరికొన్ని సంస్థలతో కలిసి 195 దేశాలకు మార్కులు వేసింది. మహమ్మారి వచ్చిపడితే ఎవరు తట్టుకోగలరన్నది పరీక్ష. 83.5 మార్కులతో అమెరికాకు మొదటి ర్యాంకు, బ్రిటన్‌కు రెండో ర్యాంకు వచ్చాయి. న్యూజిలాండ్ 35లో, వియత్నాం 50లో, మనం 57లో ఉన్నాం. అసలు పరీక్ష మూడు నెలల్లోనే మొదలైంది. 2022 ముగిసేసరికి అమెరికాలో సుమారు 11 లక్షల మంది కొవిడ్‌తో చనిపోయారు.

ఆ పట్టిక ప్రయోగశాలలను, నిపుణులను, చట్టాలను లెక్కపెట్టింది. జనం ప్రభుత్వం మాట వింటారా, పాలకులు డాక్టర్ల మాట వింటారా అన్నవాటికి మార్కులు వేయడం అంత తేలిక కాదు మరి.

పోనీ, జరిగిపోయాకైనా సరైన ర్యాంకులు ఇవ్వగలమా? టీవీల్లో రోజూ చూసిన కొవిడ్ మరణాల అంకెను పట్టుకుంటే మాత్రం ఇవ్వలేం. 2020 వేసవిలో జనాభాతో పోల్చి చూస్తే బెల్జియం ప్రపంచంలోనే అట్టడుగున కనిపించింది. వృద్ధాశ్రమాల్లో పరీక్ష కూడా చేయకుండా, కొవిడ్ అనే అనుమానం ఉన్న మరణాలన్నిటినీ వాళ్లు లెక్కలో కలిపారు. రష్యా శవపరీక్షలో కొవిడే ప్రధాన కారణమని తేలితేనే రోజువారీ లెక్కలో చేర్చింది. పెరూ సంగతి మరీ విచిత్రం. 2021 మే 31న ఆ దేశం తన లెక్కను తానే సరిదిద్దుకుంది. అప్పటిదాకా 69,342 అని చెబుతున్న మరణాలు ఒక్కరోజులో 1,80,764 అయ్యాయి. ఇది సిగ్గుపడాల్సిన పని అని కొందరన్నారు. నా దృష్టిలో ఆ ఏడాది ఏ ప్రభుత్వమూ చేయనంత నిజాయితీ పని అది.

అందుకే నిపుణులు ఇంకో లెక్క చూస్తారు. కారణం ఏదైనా సరే, మామూలు ఏడాదిలో పోవాల్సిన వాళ్ల కంటే ఎంతమంది ఎక్కువ పోయారు? ఇవే అదనపు మరణాలు. పరీక్ష చేయించుకోనివాళ్లూ, ఆసుపత్రిలో మంచం దొరకక గుండెపోటుతో పోయినవాళ్లూ ఇందులోకి వస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో ఈ లెక్క వేసింది. 2020, 2021 రెండేళ్లలో దేశాలు చెప్పిన కొవిడ్ మరణాలు 54 లక్షలు కాగా, అదనపు మరణాలు దాదాపు 1 కోటి 49 లక్షలని తేల్చింది. లక్ష జనాభాకు ఏడాదికి సగటున పెరూలో 437, మన దేశంలో 171, అమెరికాలో 140, బ్రిటన్‌లో 109, స్వీడన్‌లో 56. జపాన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో సున్నా కంటే తక్కువ, అంటే మామూలు కంటే తక్కువ మందే పోయారు. ఇళ్లలో ఉండిపోవడం వల్ల ఫ్లూ కూడా తగ్గింది కదా.

ఈ పట్టిక చూడగానే లాక్‌డౌన్ ఎంత కఠినంగా పెడితే అంత మేలు అనే మాట నిలవదని తెలుస్తుంది. పెరూ లాక్‌డౌన్ లాటిన్ అమెరికాలో చాలా దేశాల కంటే ముందుగా, 2020 మార్చి 16నే మొదలైంది. సైన్యం వీధుల్లోకి వచ్చింది. కానీ పనిచేసేవాళ్లలో నూటికి 70 మందికి స్థిరమైన కొలువు లేదు. ఇళ్లలో సగానికే ఫ్రిజ్ ఉంది. కూరగాయలు నాలుగు రోజులు నిలవుండని ఇంట్లో వాళ్లు మార్కెట్‌కు వెళ్లకుండా ఎలా ఉంటారు? ప్రభుత్వం సాయం సొమ్ము ప్రకటించింది. మంచిదే, కానీ చాలామందికి ఖాతాలు లేక ఆ డబ్బు కోసం బ్యాంకుల ముందు బారులు తీరారు. ఊరంతా తలుపులు మూసుకుంటే, ఆ మూసివేతే జనాన్ని మార్కెట్‌లోనూ బ్యాంకు దగ్గరా ఒకచోటికి చేర్చింది. ఆ తర్వాత ఆక్సిజన్ సిలిండర్ల కోసం కూడా రాత్రంతా అవే బారులు.

స్వీడన్‌ది పూర్తిగా ఎదురు దారి. చిన్నపిల్లల బడులు తెరిచే ఉంచారు, హోటళ్లు నడిచాయి. దాన్ని కొందరు మెచ్చుకుంటారు, కొందరు తిడతారు, రెండింటికీ అంకెలున్నాయి. 2020 చివరికి అక్కడ సుమారు 9 వేల మంది కొవిడ్‌తో చనిపోతే, దాదాపు సగం జనాభా ఉన్న పక్కదేశం నార్వేలో 500 మంది కూడా లేరు. మేం విఫలమయ్యామని స్వీడన్ రాజే ఆ డిసెంబరులో అన్నాడు. అయినా రెండేళ్ల లెక్కలో బ్రిటన్ కంటే స్వీడన్ ఎంతో నయం. అక్కడ ఒంటరిగా బతికేవాళ్ల ఇళ్లు ఎక్కువ. జ్వరమొచ్చి ఇంట్లో కూర్చుంటే మొదటిరోజు నుంచే వేతనం ఇచ్చారు. టీకాలు వేయించుకోవడానికి జనం వెనకాడలేదు. పెరూ రాజధాని లిమాలోని బండి వ్యాపారికి ఈ మూడింటిలో ఏది అందుబాటులో ఉంది?

నా లెక్కలో అసలు తేడా టీకా వచ్చేదాకా కాలాన్ని ఎలా గడిపారు, వచ్చాక ఎవరికి వేశారన్న దాంట్లో ఉంది. దీనికి హాంకాంగ్, న్యూజిలాండ్‌ల కథే సాక్ష్యం. 2021 చివరిదాకా రెండూ వైరస్‌ను గుమ్మం బయటే ఆపాయి. 74 లక్షల జనాభా ఉన్న హాంకాంగ్‌లో అప్పటికి 213 మరణాలు, 51 లక్షల న్యూజిలాండ్‌లో 50కి అటూ ఇటూ. 2022 మొదట్లో రెండింటిలోకీ ఒమిక్రాన్ ప్రవేశించింది. న్యూజిలాండ్ అప్పటికే 12 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 90 మందికి పైగా రెండు డోసులు వేసేసింది. హాంకాంగ్‌లో 80 దాటినవాళ్లలో నాలుగోవంతు మందికి కూడా రెండు డోసులు పడలేదు. ఊళ్లో జబ్బే లేనప్పుడు సూది ఎందుకన్న ధీమా కొంత, బీపీ షుగర్ ఉన్నవాళ్లకు పడదేమోనన్న భయం కొంత. ఫిబ్రవరి చలిలో ఆసుపత్రుల బయట, ఆరుబయట మంచాల మీద దుప్పట్లు కప్పుకుని ముసలివాళ్లు పడిగాపులు పడ్డారు. జనవరి 6 నుంచి మార్చి 21 లోపు 5,906 మంది పోయారు. వాళ్లలో నూటికి 96 మంది 60 దాటినవారు, ఆ పెద్దవాళ్లలో నూటికి 70 మంది ఒక్క డోసూ వేయించుకోనివారు. మే చివరికి హాంకాంగ్ మరణాలు 9 వేల దాకా చేరితే, న్యూజిలాండ్‌లో వెయ్యి పైచిలుకు.

ఇక మన సంగతి. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ కఠినత్వానికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వేసిన సూచీలో మనకు నూటికి నూరు వచ్చాయి. అయినా 2021 ఏప్రిల్, మే నెలల్లో, రెండో అలలో ఏం జరిగిందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రెండేళ్లలో మన దేశంలో 47 లక్షల అదనపు మరణాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాను కేంద్రం ఒప్పుకోలేదు, గణిత నమూనాల మీద వేసిన లెక్క చెల్లదంది. నమూనాల మీద అభ్యంతరం ఉండొచ్చు. మరి మన సొంత జనన మరణాల రిజిస్టరు మాటేమిటి? 2020లో 81 లక్షల మరణాలు నమోదైతే, 2021లో 1 కోటి 2 లక్షలు. ఒక్క ఏడాదిలో 21 లక్షల పెరుగుదల. నమోదు మెరుగుపడటం వల్ల కొంత పెరిగి ఉండొచ్చు. కానీ ఆ ఏడాది అధికారిక కొవిడ్ మరణాలు 3.3 లక్షలే. తెలంగాణ చెప్పిన కొవిడ్ మరణాలు 4 వేల లోపు. సుప్రీంకోర్టు ఆదేశాలతో కొవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల పరిహారం ఇస్తామంటే 2022 జనవరికే వచ్చిన దరఖాస్తులు 28 వేలకు పైగా. ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు 14 వేల పైచిలుకు, దరఖాస్తులు 36 వేలు. దరఖాస్తులన్నీ నిజమే అనుకోనక్కర్లేదు, అన్నీ అబద్ధమని అనడమూ కుదరదు.

యూరప్‌లో చాలా దేశాలు ఏ వారం ఎంతమంది పోయారో ఆ తర్వాతి వారాల్లోనే బయటపెట్టాయి, ఆ అంకెలు చూసే నిర్ణయాలు మార్చుకున్నాయి. మన 2021 మరణాల పూర్తి పట్టిక 2025 మేలో విడుదలైంది.