నాడి చూడకుండా మందు వద్దు

చిన్న బండిని గుర్రంలా పరుగెత్తించాలని మన కుర్రాళ్లకు ఆశ. మా వీధి అబ్బాయి తన 100 సీసీ ఫోర్ స్ట్రోక్ బండికి ఎత్తు ఎక్కువున్న క్యామ్ వేయించాడు. వారం తిరక్కుండా టకటక శబ్దం మొదలైంది. ఆపై బండి ఆగిపోయింది, కిక్కరు వదులుగా దిగిపోతోంది.

"పిస్టన్ పోయింది, బోరు మార్చాలి" అన్నాడొక మెకానిక్. కూలిపని చేసే తండ్రికి అది మోయలేని ఖర్చు. మేము వాళ్లను పాత ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాం.

ఆయన ముందు టైమింగ్ గుర్తులు చూశారు, సరిగ్గానే ఉన్నాయి. ప్లగ్ తీసి, చెంచాడు నూనె పోసి కంప్రెషన్ కొలిచారు. పెరిగితే లోపం రింగులది. పెరగలేదు. రెండు వాల్వులూ మూసుకునే చోట పిస్టన్‌ను నిలిపి, ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కించారు. కార్బురేటర్‌లో బుస వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు. సైలెన్సర్ బుసకొట్టింది. హెడ్ విప్పితే ఎగ్జాస్ట్ వాల్వు వంగి ఉంది. బోరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇంజిన్ నిమిషానికి 8000 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు 4000 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఆ వేగంలో కొత్త క్యామ్‌కు పాత స్ప్రింగు చాలలేదు. వాల్వు ఆలస్యంగా మూసుకుంది, పైకొచ్చిన పిస్టన్ దాన్ని తాకింది. క్యామ్ మార్చేవారు స్ప్రింగు బలం, వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య సందు తప్పక చూసుకోవాలి.

విచారించకుండా తీర్పు చెబితే ఇంజిన్‌కైనా అన్యాయమే. దాని ఖర్చు మాత్రం పేదవాడి జేబుది.